పెద్దాయన నిలబడ్డ పడవ

నేను పదకొండేళ్ళు పడవ మీద పనిచేశాను. చుక్కాని పట్టలేదు, గెడ వెయ్యలేదు, ఇంజను ముట్టుకోలేదు. జనాన్ని సర్దాను. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఏ మూట ఎక్కడ పెట్టాలో చెప్పడమే నా పని. అదీ ఒక ఉద్యోగమేనా అని నవ్వుకోండి పిల్లలూ, నాకేం కోపం లేదు. మా అత్తగారు కూడా నవ్వింది.

నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు పోల్చుకోవడం వచ్చు. అంతకు మించి అక్షరం రాదు. మీ సైన్సు టీచరమ్మ మా అరుగు మీద కూర్చుని రాస్తోంది, నేను చెబుతున్నాను. వస్తువు ఎందుకు ఒరుగుతుంది, ఎందుకు నిలబడుతుంది అని మీ పుస్తకంలో ఒక పాఠం ఉందట. అది చదివి వినిపించింది. అందులో ఉన్నది నాకు తెలుసు. ఎలా తెలిసిందో చెప్పండి మామ్మగారూ అంది. నా గొంతు మోటుది, ఇంజను మోతకు పైన అరిచి అరిచి అలా అయింది. మాట కూడా అంతే. టీచరమ్మ ఎక్కడైనా సాపు చేస్తే చేసుకోనివ్వండి.

మాది గోదావరి మధ్యలో లంక. వంతెన లేదు. ఆసుపత్రికైనా, కాలేజీకైనా, పెనుగొండ గుడికైనా, పాలకొల్లు బజారుకైనా వశిష్ట పాయ దాటాలి. దాటడానికి ఒక్కటే రేవు, ఒక్కటే ఇంజను పడవ. ఆ రేవును ఏటా పంచాయితీలో వేలం పాట పెట్టేవారు. పాట ఎప్పుడూ ఒకరికే వచ్చేది. ఆయన పేరు చెప్పను, పెద్దాయన అంటాను. మా లంకలో సగం పొలం ఆయనది. ఆయన పాడుతుంటే పక్కన ఇంకొకరు నోరు విప్పేవారు కాదు. ఆయన వీధిలో వస్తుంటే అరుగుల మీద వాళ్ళు లేచి నిలబడేవారు. ఆయన నిలబడి ఉంటే ఎవరూ కూర్చునేవారు కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరం పడుతుంది.

మా ఆయన ఆ పడవకు గెడ వేసేవాడు. కామెర్లొచ్చి పోయాడు. అప్పటికి నాకు నలభై రెండేళ్ళు. పెద్దాయన భార్య, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, మా ఇంటికి మనిషిని పంపి నన్ను పిలిపించింది. నా ముందే పెద్దాయనతో, ఈ పిల్లకు రేవులో ఏదో ఒక పని చూపించండి అంది. ఆడమనిషికి పడవలో పనేముంటుంది అన్నారాయన. పొద్దున్నే మీ రేవులో జనం కొట్టుకుంటున్నారు కదా, వాళ్ళను ఎక్కించే పని ఇవ్వండి అంది. అలా వచ్చింది నా ఉద్యోగం. ఆవిడ మాట మీద వచ్చింది.

పడవ మీద మేం ముగ్గురం. చుక్కాని పట్టే సరంగుకు అప్పటికే అరవై దాటాయి, ఇంజను పక్కన కూర్చుని కూర్చుని ఎడమ చెవి పోయింది. నేను బాబాయి అనేదాన్ని. మా ఆయన చోట గెడకు వచ్చిన అతను నన్ను అక్కా అనేవాడు. మొదట్లో ఇద్దరికీ నేను అడ్డమే. ఇంట్లో గిన్నెలు సర్దినట్టు సర్దుతావా అక్కా అని అతను ఎగతాళి చేసేవాడు. చేయనియ్యి అని ఊరుకున్నాను. నిజానికి అలాగే సర్దాను.

మొదటి ఏడాదే ఒక తప్పు చేశాను. అరటి గెలలు, పాల క్యాన్లు, కాలేజీ పిల్లలు, ఒక మేకపోతు, ఇవన్నీ ఉన్న పడవ అది. గెలలన్నీ ఎడమ అంచున పేర్చనిచ్చాను, దించుకోవడానికి వీలుగా ఉంటుందని. పాయ మధ్యకు వచ్చేసరికి పడవ ఎడమకు వంగింది. కంగారులో అందరూ ఇటు రండి అని కుడివైపు చూపించి అరిచాను. అందరూ లేచి ఒక్కసారే వచ్చారు. పడవ అంతకు రెండింతలు కుడికి తూలింది. క్యాన్లు రెండు నీళ్ళలో పడ్డాయి. మేకపోతు దూకింది. అది ఈదుకుంటూ మాకంటే ముందు గట్టు చేరి, అక్కడ నిలబడి మమ్మల్ని చూసింది. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

బాబాయి తిట్టలేదు. మర్నాడు రేవులో మెట్ల దగ్గరికి పిలిచి ఒక చెంబు తెచ్చాడు. ఖాళీ చెంబును నీళ్ళ మీద నిలబెట్టి వదిలాడు. అది పక్కకు ఒరిగి నీళ్ళు తాగింది. తీసి, అడుగున రెండు గుప్పెళ్ళ ఇసుక పోసి వదిలాడు. అలలకు ఊగింది గానీ నిలబడింది. తర్వాత ఆ ఇసుకే తీసి, చెంబు మూతి మీద కొబ్బరి చిప్ప పెట్టి, అందులో పోశాడు. వదలగానే తలకిందులైంది.

"ఇసుక అదే, చెంబూ అదే. మనిషీ ఇసుకేనే అమ్మాయ్. కూర్చుంటే అడుగున ఇసుక, నిలబడితే మూతి మీద ఇసుక. పడవ ఒరిగినప్పుడు ఎవర్నీ అటూ ఇటూ పంపకు. ఉన్నచోట కూర్చోబెట్టు."

అదే నా చదువు. ఆ రోజు నుంచి మూటలన్నీ అడుగుకే. బరువైనవి నడిమికి, తేలికైనవి అంచుకి. నిన్న టీచరమ్మ మా తలుపు చూపించి ఇదే చెప్పింది. తలుపును గొళ్ళెం దగ్గర వేలితో నెట్టినా తిరుగుతుంది, బందు దగ్గర భుజం పెట్టి నెట్టినా కదలదు. బరువెంత అన్నది ఒక్కటే కాదు, ఎంత దూరాన ఉంది అన్నదీ లెక్కేనట. నాకు ఈ మాట రాదు గానీ, అంచున కూర్చున్న బక్క కుర్రదానికీ నడిమిన కూర్చున్న లావుపాటి చేపల బేరగత్తెకూ పడవ ఒకే గౌరవం ఇస్తుందని నా పాదాలకు తెలుసు. చెప్పులు లేకుండా నిలబడేదాన్ని. పలకల్లోంచి పడవ ఎటు చూస్తోందో కాలికి తెలిసిపోయేది.

మండలాఫీసు వాళ్ళు నాలుగు లైఫ్ జాకెట్లు ఇచ్చారు. జనం వాటిని వేసుకునేవారు కాదు, మెత్తగా ఉన్నాయని కింద వేసుకుని కూర్చునేవారు. నేను ఊరుకునేదాన్ని. ఎలాగైతేనేం, కూర్చుంటున్నారు కదా.

పదేళ్ళు అలా గడిచాయి. ఇక ఆ రోజు గురించి చెప్పాలి. చెప్పడానికి కూర్చున్నప్పటి నుంచీ దాన్ని వెనక్కి నెడుతున్నాను.

శ్రావణమాసం. వరద ఎర్రనీరు వచ్చి మూడో రోజు. ఆనకట్ట దగ్గర గేట్లెత్తారని, పడవలు కట్టెయ్యమని ఆఫీసు నుంచి కబురొచ్చింది. మా పడవను మెట్ల పక్కన రెండు తాళ్ళతో కట్టేశాం. అమ్మగారికి అప్పటికి ఏడాదిగా కిడ్నీల జబ్బు. వారానికి రెండుసార్లు పాలకొల్లు వెళ్ళి డయాలిసిస్ చేయించుకోవాలి. వరద వల్ల ఒక తడవ తప్పింది. మొహం, కాళ్ళు పొంగిపోయాయి. పడుకుంటే ఊపిరి ఆడడం లేదు, నిటారుగా కూర్చుంటేనే కాస్త ఆడుతోంది. ఇంకో తడవ కూడా తప్పితే మనిషి దక్కదని డాక్టరు ఫోనులో చెప్పాడట. ఆఫీసు వాళ్ళ పెద్ద లాంచీ మధ్యాహ్నానికి వస్తుందన్నారు. పెద్దాయన మధ్యాహ్నం దాకా ఆగనన్నారు. పొద్దున్న ఎనిమిదింటికి పడవ విప్పమన్నారు.

అమ్మగారిని టేకు కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకొచ్చారు. చేతులున్న పెద్ద కుర్చీ అది, వాళ్ళ హాల్లో ఉండేది. పడవలో అడ్డబల్లల మీద పలకలు పరిచి, ఆ పైన కుర్చీ పెట్టారు. ఆవిడ తల పడవ అంచుకు పైన నిలువెత్తున ఉంది. సన్నగా చినుకులు పడుతున్నాయి. పెద్దాయన పక్కనే నిలబడి నల్ల గొడుగు విప్పి ఆవిడ మీద పట్టారు. కొడుకు, కోడలు, తమ్ముళ్ళు, వాళ్ళ పిల్లలు, ఆయన అక్కగారు, అందరూ కలిసి పదముగ్గురు ఎక్కారు. పెద్దాయన నిలబడి ఉన్నారు కాబట్టి అందరూ నిలబడ్డారు.

పదముగ్గురు మా పడవకు బరువు కాదు పిల్లలూ. రోజూ ఒక్కో విడతకు పాతికమందిని దాటించేవాళ్ళం. కానీ నా పాదాల కింద పడవ అప్పుడే బెదిరిన గొడ్డులా ఉంది. ఇసుకంతా మూతి మీద ఉంది.

నా చోటు పడవ నడుమ. అక్కడికి వెళ్ళబోతుంటే అక్కగారు నా చెయ్యి పట్టుకుని ఆపింది. నువ్వు కాస్త వెనక్కి ఉండమ్మా, ప్రాణం మీదకొచ్చి వెళుతున్నాం కదా, ఎదురుగా ఉండకు అంది. కోపంగా అనలేదు, బతిమాలినట్టే అంది. మొగుడు పోయినదాన్ని ఎదురుగా పెట్టుకుని ప్రయాణం కట్టరు, నాకు తెలుసు. వెళ్ళి ఇంజను పక్కన నిలబడ్డాను. బాబాయి నా వైపు చూసి, చెప్పు అన్నట్టు గడ్డం ఎగరేశాడు.

"అయ్యగారండీ, అమ్మగారిని కుర్చీతో సహా కిందికి దించితే మంచిదండి," అన్నాను.

"కింద నీళ్ళున్నాయి. ఆవిణ్ణి బురదలో కూర్చోబెట్టమంటావా?"

"ఆయ్," అన్నాను.

పదేళ్ళ పని మరిచిపోయి, మీ ఇష్టమండి అన్నట్టు ఆ ఒక్క మాట అన్నాను. మీరు కూర్చోండి అని ఆయనతో అనాలి, నోరు రాలేదు. వద్దు బాబాయ్, తాడు విప్పకు అనాలి, అదీ రాలేదు. నాకు తిండి పెట్టిన ఆవిడ ఆ కుర్చీలో చేప నోరు తెరిచినట్టు ఊపిరి తీస్తోంది. ఆగితే ఆవిడ పోతుంది, వెళితే అందరం పోతాం. ఈ రెండింటి మధ్యా ఆయ్ అని ఊరుకున్నాను. తాడు విప్పేశారు.

మొదటి సగం బాగానే వెళ్ళాం. గెడతను ముందు నిలబడి కొట్టుకొస్తున్న కొమ్మలను తోసేస్తున్నాడు. అమ్మగారి ఊపిరి ఇంజను మోతలోనూ నాకు వినపడుతోంది, లేదా వినపడుతోందని అనుకున్నాను. పాయ నడిమికి వచ్చేసరికి ఎగువనుంచి ఒక మోడు, వేళ్ళతో సహా, మా మీదకే వస్తోంది. బాబాయి దాన్ని తప్పించడానికి చుక్కాని తిప్పాడు. పడవ వరదకు అడ్డం తిరిగింది. అడ్డం తిరిగి ఎడమకు ఒరిగింది.

కుర్చీ జానెడు జారింది. అమ్మగారు అమ్మో అంది. అంతే, పదముగ్గురూ ఆవిడను పట్టుకోవడానికి ఎడమవైపుకే దూకారు.

అంచు మీదుగా నీళ్ళు వచ్చాయి. ఎర్రగా, చప్పుడు లేకుండా, చాప పరిచినట్టు వచ్చాయి. గాలి పెద్దాయన గొడుగులో దూరి ఆయన్ని ఇంకా ఎడమకు లాగుతోంది. ఆయన గొడుగు వదలడం లేదు. నా నాలిక మీదకు అదే పాత మాట వచ్చింది, అందరూ ఇటు రండి అని. పళ్ళతో కరిచి ఆపాను. నిజంగానే కరిచాను, రక్తం వచ్చింది.

కూర్చోండి, కూర్చోండి బాబూ అని అరిచాను. రెండుసార్లు, మూడుసార్లు. నా అరుపు గట్టు మీద వాళ్ళకు కూడా వినపడిందని తర్వాత చెప్పారు. పడవలో ఒక్కరూ కూర్చోలేదు. నా మాట వినపడక కాదు. నా మాట వినపడి, అందరూ ఒకసారి పెద్దాయన వైపు చూశారు. ఆయన నిలబడి ఉన్నారు. ఆయన నిలబడి ఉండగా కూర్చోవడం వాళ్ళు పుట్టాక ఎరగరు. కొడుకు మోకాళ్ళు సగం వంచి, మళ్ళీ నిటారుగా అయ్యాడు. నేను చూశాను.

అప్పుడు అర్థమైంది నాకు, పడవలో బరువెక్కడుందో.

మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళాను. కాళ్ళ మధ్యనుంచి దూరాను. ఆయన పంచె రెండు చేతులా పట్టుకుని కిందికి లాగాను.

"కూర్చో."

ఆయన కిందికి చూశారు. ఆ చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. కోపం కాదు, అర్థం కాకపోవడం. పడవ మునిగిపోతుంటే ఆయన ఆ మాట దగ్గరే ఆగిపోయారు.

"ఏమన్నావ్?"

"నువ్వు కూర్చుంటేనే వీళ్ళు కూర్చుంటారు. కూర్చో. అమ్మగారు చచ్చిపోద్ది, కూర్చో."

మళ్ళీ లాగాను. ఆయన మోకాళ్ళు మడతపడి, అడుగున నీళ్ళలో చతికిలపడ్డారు. గొడుగు చేతిలోంచి ఎగిరి గోదావరిలో పడింది. ఆయన కింద పడీ పడకముందే తమ్ముళ్ళు కూర్చున్నారు, కొడుకు కూర్చున్నాడు, పిల్లలు కూర్చున్నారు. అక్కగారు అందరికంటే చివర, చీర కుచ్చిళ్ళు నీళ్ళలో తేలుతుంటే కూర్చుంది. ఎవరినీ ఇటు రమ్మనలేదు, అటు పొమ్మనలేదు. ఉన్నచోటే కూలబడ్డారు. పడవ ఇంకా ఎడమకు ఉంది, కానీ కిందికి వెళ్ళడం ఆగింది. ఒకసారి ఊగింది. ఇంకోసారి ఊగింది. తర్వాత నెమ్మదిగా, బద్ధకంగా నిద్రలేచినట్టు, నిటారుగా అయింది. మోడు మా పక్కనుంచి మూరెడు దూరంలో వెళ్ళిపోయింది.

కుర్చీ ఒకటే పైన మిగిలింది. గెడతనూ నేనూ అమ్మగారిని చంకల కింద పట్టుకుని దించాం. పడుకోబెట్టకూడదు కదా. ఆ నాలుగు జాకెట్లూ నీళ్ళలో ఒకదాని మీద ఒకటి వేసి, వాటి మీద నేను కూర్చుని, ఆవిణ్ణి నా ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టుకున్నాను. ఆవిడ వీపు నా గుండెకు ఆనింది. చల్లగా ఉంది, బరువుగా ఉంది. నేనే ఆవిడకు కుర్చీ. అక్కగారు చూసింది గానీ ఏమీ అనలేదు. మిగిలినవాళ్ళు చేతికందిన డబ్బాలతో కూర్చునే నీళ్ళు తోడుతున్నారు.

"ఊపిరాడుతోందా అమ్మగారూ?"

నేను ఆవిడ పక్కటెముకలు లేచి పడడం చూసుకుంటూ ఉన్నాను. ఒకటి ఆలస్యమైతే నా ఊపిరీ ఆగేది. తర్వాత తల వెనక్కి వాల్చి, నాకు మాత్రమే వినపడేలా అంది.

"ఆయన్ని... కూర్చోబెట్టావే. నలభై ఏళ్ళు... నా వల్ల కాలేదు."

నాకు నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో తెలియదు. పెద్దాయన మూరెడు దూరంలో, నీళ్ళలో, పంచె తడిసిపోయి, తన చేతుల వంక చూసుకుంటూ కూర్చున్నారు. విన్నారో లేదో.

గట్టు మీద అంబులెన్సు సిద్ధంగా ఉంది. ఆవిణ్ణి ఎక్కించారు, వెళ్ళిపోయారు. ఎవరూ వెనక్కి తిరిగి నాతో ఒక మాట అనలేదు. అనాలని నేను చూడలేదు. బాబాయి ఇంజను ఆపి, చుక్కాని మీద తల వాల్చాడు. ఆవిడకు ఆ సాయంత్రానికే ఊపిరి కుదురుకుందని ఫోను వచ్చింది.

వరద తీసింది. పడవ మళ్ళీ తిరగాల్సిన రోజు పొద్దున గెడతను మా ఇంటికి వచ్చి గుమ్మం బయటే నిలబడ్డాడు. ఇక నువ్వు రానక్కర్లేదన్నారక్కా అన్నాడు. ఎందుకని అడగలేదు నేను. తనే చెప్పాడు, అందరి ముందూ ఆయన్ని నువ్వు అని పిలిచావు కదక్కా అని. అని కళ్ళు తుడుచుకున్నాడు. పోనీలే తమ్ముడూ, ఆ మాట నేను అనలేదని ఎవరంటారు, అన్నాను.

తర్వాత చాలా రోజులు కోపంతో ఉడికిపోయాను. ఇప్పుడు టీచరమ్మ ముందు నిజం చెబుతున్నాను. నన్ను తీసెయ్యాల్సింది ఆ మాటకు కాదు, ఆయ్ అన్నందుకు. రేవులోనే, తాడు విప్పకముందే, అయ్యగారండీ మీరు కూర్చోందే పడవ కదలదండి అని ఉంటే ఆ నువ్వు అనే మాట అవసరమే వచ్చేది కాదు. గౌరవంగా చెప్పగలిగినప్పుడు చెప్పలేదు. అమ్మగారు అంచు మీదికి జారాక మర్యాద లేకుండా అరిచాను. అది నా పనిలో నా తప్పు. ఎవరూ పట్టుకోలేదు గానీ తప్పే.

ఆ తర్వాత నేను కొబ్బరిపీచు పనికి వెళ్ళాను. కొన్ని నెలలు గోదావరి దాటలేదు. దాటే పని పెట్టుకోలేదు. క్రిస్మస్ ముందు మా ఆడపడుచు ఇంటికి వెళ్ళాల్సి వచ్చి రేవుకు వెళ్ళాను. నా చోట ఎవర్నీ పెట్టలేదు. జనం వాళ్ళంతట వాళ్ళే ఎక్కుతున్నారు. ఎక్కి, అడుగున, నడిమిన కూర్చుని కళ్ళు మూసుకున్నాను.

ఒక్కసారిగా మాటలు ఆగిపోయాయి. కళ్ళు తెరిస్తే పెద్దాయనా, అమ్మగారూ మెట్లు దిగుతున్నారు. ఆవిడకు అది డయాలిసిస్ రోజు. చిక్కిపోయింది గానీ తన కాళ్ళ మీదే నడుస్తోంది. పడవలో కూర్చున్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు. నేను లేవలేదు.

వెనకాల కుర్చీ మోస్తున్న మనిషి లేడు. పెద్దాయన ముందు ఎక్కారు. చేతిలో గొడుగు ఉంది, మూసి ఉంది. ఎవరి వైపూ చూడకుండా, పంచె మోకాళ్ళ పైకి మడిచి, పడవ అడుగున కూర్చున్నారు. ఆవిడకు చెయ్యందించి తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. లేచినవాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు.

అమ్మగారు ఒకసారి నా వైపు చూసి, ఆయన వైపు కళ్ళు తిప్పి, పెదవి బిగించి నవ్వు ఆపుకుంది. బాబాయి తాడు విప్పమన్నాడు. నేను చెప్పులు విప్పి పాదాలు పలక మీద ఆనించాను.